చెప్పుల దగ్గర మనిషి

"ఈ రెండు దినాలు నీకు రెస్టే గదే" అన్నాడు గంగాధరం, వంటింటి గడప మీద నిలబడి పళ్లు తోముకుంటూ.

లక్ష్మీప్రియ అప్పుడు చిత్రాన్నానికి నిమ్మకాయలు పిండుతోంది. అప్పటికి నిప్పట్లు డబ్బాకెక్కాయి, కారప్పొడి సీసాకెక్కింది, అత్తకు మోకాళ్ల నూనె, మొగుడికి గ్యాసు మాత్రలు, కూతురికి చార్జరు సంచికెక్కాయి. టూరువాళ్లు రెండు రోజులూ మూడు పూటలా భోజనం పెడతామని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. కానీ అత్త బయ్యమ్మకు మైసూరు మీద ఒక ఆరోపణ ఉంది. "ఆడోళ్లు సాంబార్లో బెల్లమేస్తారు. నేను తిన్ను." ఆ బెల్లానికి విరుగుడుగా లక్ష్మీప్రియ కోడి కూయకముందే లేచింది. రెస్టు అనే మాట ఈ ఇంట్లో ఎప్పుడూ ఆమె చేతిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే వినిపిస్తుంది. ఉత్త చేతులతో ఉన్నప్పుడు వినిపించే మాట వేరు. "ఖాళీగా ఉండావు గదా, ఇట్లా రా."

మదనపల్లెలో బయల్దేరిన బస్సు తెల్లారేసరికి పుంగనూరు వచ్చింది. గైడు సాయికుమార్ గడగడా మాట్లాడే కుర్రవాడు. ఎక్కినవాళ్లకు ఎక్కినట్టే ఒక పసుప్పచ్చ టోపీ, చెవిలో పెట్టుకునే ఒక చిన్న మిషనూ ఇచ్చాడు. "గుంపులో తప్పిపోయినా నా మాట మీ చెవిలోనే ఉంటాది" అన్నాడు. బయ్యమ్మ టోపీని కొప్పు మీద బోర్లించుకుంది. మిషను మాత్రం వద్దంది. "ఉండే మాటలే సాలు నా చెవులకు." కుప్పంలో ఇంజనీరింగు చదివే కూతురు తేజస్విని పుంగనూరుకు వచ్చి అక్కడ బస్సెక్కింది. ఎక్కీ ఎక్కగానే బ్యాగు తల్లి ఒళ్లో పెట్టి, "మా, పట్టుకో" అని కిటికీ పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది. లక్ష్మీప్రియ పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకునేదే.

ఈ ప్రయాణంలో ఆమెకు కావలసింది ఒక్కటే. మైసూరు ప్యాలెస్ లోపల ఎట్లా ఉంటుందో చూడాలి.

మైసూరు రావడం ఇది నాలుగోసారి. ప్యాలెస్ బయట ఎట్లా ఉంటుందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఏ చెట్టు నీడ ఏ పూటకు ఎటు జరుగుతుందో, ఏ అరుగు మీద పావురాలు రెట్టలు వేస్తాయో తెలుసు. లోపల తెలియదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో బయ్యమ్మ కొత్త చెప్పులు పోయాయి. అప్పటి నుంచి ఆ కుటుంబం చెప్పులు పరాయివాళ్ల చేతికి ఇవ్వదు. స్టాండులో పెట్టదు. చెప్పుల దగ్గర మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరన్నది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం కాదనడానికి వీలుండేది.

పెళ్లయిన కొత్తలో మొదటిసారి వచ్చినప్పుడు, లోపలికి పోయి వచ్చిన గంగాధరాన్ని ఆమె ఎంతో ఆశగా అడిగింది. లోపల ఏమున్నాయని. "ఏముండాది, పెద్ద ఇల్లు" అన్నాడు. రెండోసారి తేజస్విని చంకలో ఉంది, నిద్రపోతోంది. అప్పుడు అత్త చెప్పింది. "నేల సల్లగా ఉండాది. పండుకుంటే నిద్రొచ్చేస్తాది." మూడోసారి స్కూలు తరఫున. ఆమె మదనపల్లెలో హైస్కూలు సోషల్ టీచరు. హెడ్మాస్టరు ప్యాలెస్ ముందు నిలబడి, "మేడం బాధ్యత గల మనిషి" అని ఒక్క మాట అన్నాడు. రెండు బస్సుల పిల్లల చెప్పులు ఆమె ముందు గుట్టపడ్డాయి. ఆ గుట్ట పక్కన నిలబడిన ఫోటో ఇప్పటికీ స్టాఫ్‌రూములో ఉంది. తిరిగొచ్చిన తెలుగు మేడం, "గోడల నిండా బొమ్మలు ప్రియా, చూడాల్సిందే" అంది. చూడాల్సిందే అన్న మనిషి, నేను కూర్చుంటాను నువ్వు పోయిరా అనలేదు.

పెద్ద ఇల్లు, చల్లటి నేల, గోడలకు బొమ్మలు. ఈ మూడింటితో ఆమె మనసులో ఒక ప్యాలెస్ కట్టుకుంది. ఎంత కష్టపడి కట్టినా అది పుంగనూరు రిజిస్ట్రారాఫీసు లాగానే వచ్చింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు రాజుల పాఠంలో, "లోపల ఎట్లుంటాది మేడం?" అని అడిగినప్పుడు వాళ్లకు చెప్పిందీ ఆ రిజిస్ట్రారాఫీసు గురించే.

మొదటి రోజు బెంగళూరు అయింది. లాల్‌బాగ్‌లో అత్త మోకాళ్లతో పాటు బెంచీ మీద కూర్చుంది. మ్యూజియం దగ్గర తిండి సంచి లోపలికి రానివ్వమన్నారు కాబట్టి తిండి సంచితో పాటు కూర్చుంది. రెండు చోట్లా గంగాధరం బయటికొచ్చి, ఆమె ఏదో లాభం చేసుకున్నట్టు, "నీకేమే, హాయిగా కూసోనుండావు" అన్నాడు.

రెండో రోజు పొద్దున్నే ప్యాలెస్. సాయికుమార్ అందరికీ టికెట్లు పంచాడు. ఆమెకూ ఒకటి ఇచ్చాడు. ప్యాకేజీలో ఉంది మరి. ఆ ముక్కను ఆమె అరచేతిలో దాచుకుంది. గంగాధరం చూశాడు. "నీదెందుకే వేస్టు. వాపసు తీసుకుంటారేమో అడుగు" అన్నాడు. మంచిగానే అన్నాడు. అతను ఎప్పుడూ మంచిగానే అంటాడు, అదే కష్టం. అరిచే మొగుడైతే ఈపాటికి ఆమె ప్యాలెస్ చూసి ఉండేది.

తర్వాత అంతా మామూలుగానే జరిగిపోయింది. గంగాధరం నిలబడిన చోటనే చెప్పులు విడిచి నడిచాడు. తేజస్విని ఫోను చూసుకుంటూనే విడిచింది. బయ్యమ్మ వంగలేక కాళ్లతోనే తన చెప్పులు కోడలి వైపు తోసి, "మే ప్రియా, బద్రం" అంది. కన్నపిల్లల్ని అప్పగించినట్టు. లక్ష్మీప్రియ వద్దని ఒక మాట అనుకుంటూనే ఉంది, ఈలోగా ఆమె చేతులు వాటంతట అవే ముందుకు చాచుకుని సంచులు అందుకున్నాయి. తన చేతులను తానే పరాయిదానిలా చూసింది. వీటికి ఎవరు నేర్పారు ఇది? పాఠం చెప్పాలంటే రెండుసార్లు పుస్తకం తిరగేస్తుంది, దీనికి మాత్రం ఏ పుస్తకమూ అక్కర్లేదు.

అరుగు మీద కూర్చుంది. చెవిలో మిషను ఇంకా పనిచేస్తోంది.

"రండి, రండి. ఇదే కల్యాణ మంటపం" అంటున్నాడు సాయికుమార్ చెవిలో. "ఇప్పుడు అందరూ ఒక్కసారి తల పైకెత్తి చూడండి."

లక్ష్మీప్రియ తల పైకెత్తింది. కొమ్మ మీద కాకి. అదీ తల వంచి ఆమెనే చూసింది.

"ఆహా!" అని చెవిలో బస్సంతా ఒక్కసారిగా అంది. వాళ్లు ఏం చూసి ఆహా అన్నారో చెప్పేలోగా మిషను గురగురమని ఆగిపోయింది.

అప్పుడే ఒకామె వచ్చి, తన చెప్పులూ పిల్లల చెప్పులూ తీసి, గంగాధరం చెప్పుల పక్కన వరసగా పెట్టింది. పెట్టి, పర్సు తెరుస్తూ అడిగింది.

"ఏనమ్మా, జోడిగె ఎష్టు?"

జతకెంత అని. కుప్పం వైపు చుట్టరికాలున్న లక్ష్మీప్రియకు కన్నడం బాగానే అర్థమవుతుంది. అర్థం కాకపోయి ఉంటే బాగుండుననిపించింది ముందు. మొహం భగ్గుమంది. ఎమ్మే బీఈడీ, కట్టుకున్నది ధర్మవరం. కానీ ఆ సిగ్గు కిందనే ఇంకోటి మెల్లగా తల ఎత్తింది, నవ్వు లాంటిది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఈ పనికి ఎంత అని అడిగిన మొదటి మనిషి ఈమే.

"నేను కాదమ్మా. స్టాండు అల్లిదె" అని చేయి చూపించింది.

ఆమె అటు చూసింది. గోడవారగా బోర్డు, గూళ్లు, టోకెన్లు ఇస్తున్న మనిషి. మళ్లీ లక్ష్మీప్రియ వైపు, ఆమె ముందున్న చెప్పుల వైపు చూసింది. వెటకారం ఏమీ లేకుండా, నిజంగా తెలియక అడిగింది.

"మత్తె నీవు యాకె ఇల్లి?"

మరి మీరెందుకు ఇక్కడ?

లక్ష్మీప్రియ నోరు తెరిచింది. కన్నడంలో దొరకలేదు. తెలుగులో వెతికింది. అత్త చెప్పులు పోయాయి, ఎవరిదో పెళ్లిలో, అందుకని నేను... వాక్యం సగంలోనే నీరసపడిపోయింది. ఎనిమిదో తరగతి పిల్ల ఇట్లాంటి జవాబు రాస్తే సున్నా పెట్టేది. ఆ కన్నడామె జవాబు కోసం ఆగలేదు. చెప్పులు ఏరుకుని స్టాండు వైపు పోయింది. అయిదు నిమిషాల తర్వాత ఆ దారినే ఇంకో మనిషి కూడా పోయింది, చంకలో మూడు జతల చెప్పులు, భుజాన రెండు సంచులు, నెత్తిన పసుప్పచ్చ టోపీతో.

స్టాండతను చెప్పులు గూట్లో పడేసి, సంచులు పక్క గదిలో పెట్టించి, టోకెన్లు ఇచ్చాడు. అంతే. ఆకాశం విరిగిపడలేదు. ఆమె తన చెప్పులు కూడా విడిచి ఇచ్చింది. చెప్పుల్లేని పాదాలతో ప్యాలెస్ మెట్టు ఎక్కడం ఎట్లా ఉంటుందో మొదటిసారి తెలిసింది. నేల నిజంగానే చల్లగా ఉంది. అత్త అబద్ధం చెప్పలేదు.

అయితే లోపల ఇంకో చిక్కు వచ్చింది. చేతులు. వాటిలో ఏమీ లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడుము మీద పెట్టింది, పోట్లాటకు వచ్చినట్టుంది. ముందు కట్టుకుంది, హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టుంది. చివరికి వెనక కట్టుకుని, స్కూలు తనిఖీకి వచ్చిన అధికారి లాగా నెమ్మదిగా నడిచింది. అది బాగుంది.

కల్యాణ మంటపం చేరాక తల పైకెత్తింది. రంగు రంగుల అద్దాల్లో నెమళ్లు. కప్పంతా నెమళ్లే. వెలుతురు వాటిలోంచి దిగి ఆమె టోపీ మీద, ముక్కు మీద నీలంగా పడింది. ఇంత పెట్టుకుని ఆ మనిషి పెద్ద ఇల్లు అన్నాడా! అబద్ధమాడాడనిపించలేదు. అతను తల ఎత్తి ఉండడు. కావలసినవన్నీ చేతికి వచ్చేవాడికి తల ఎత్తి చూసే అవసరం ఏమొస్తుంది?

ఇంకొంచెం ముందుకు పోతే ఎవరో గైడు ఒక రాజుగారి పటం చూపిస్తున్నాడు. "మీరు ఎటు జరిగితే అటు ఆయన బూట్లు తిరుగుతాయి." లక్ష్మీప్రియ కుడివైపుకు జరిగింది. బూట్లు ఆమె వైపు తిరిగాయి. ఎడమకు జరిగింది. అవీ వచ్చాయి. చివరికి రాజుగారు కూడా బూట్లు నాకే అప్పగిస్తున్నాడు అనుకుంది, అంతే, నవ్వు ఆగలేదు. గట్టిగా, ఒంటరిగా, పవిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాపలా మనిషి అనుమానంగా చూశాడు. బ్లౌజులో పెట్టుకున్న ఫోను వణికింది, గంగాధరం. మళ్లీ వణికింది. మళ్లీ గంగాధరం. ఆమె ఫోను ఎత్తకుండా, నెమళ్ల దగ్గరికి ఇంకోసారి పోయింది.

బయటికి వచ్చేసరికి, ఎండకు కాలిన బండల మీద, గోడ పక్క బెత్తెడు నీడలో, ముగ్గురు వరసగా అతుక్కుని ఉన్నారు. గంగాధరం కొంగలాగా ఒంటికాలి మీద ఉన్నాడు.

"యాడికి పోయినావే! సెప్పులు యాడ?"

"స్టాండులో."

"స్టాండులోనా!" బయ్యమ్మ గుండె మీద చేయి పెట్టుకుంది. "అయ్యో, ఉండాయో లేదో!"

ఉన్నాయి. బయ్యమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి, మడమ దగ్గర కుట్లు తడిమి, మారలేదని తేల్చుకుని, ఇంకా నమ్మకుండా తొడుక్కుంది. తేజస్విని మాత్రం తల్లిని కొత్తగా చూసింది. "మా, నీ మొహంలో ఏందది, నవ్వా?"

"ఇంతసేపు ఏం సేస్తాంటివి లోపల? ఏముండాదని?" అన్నాడు గంగాధరం అరికాళ్లు రుద్దుకుంటూ.

ఆమె ఒక క్షణం నెమళ్లను తలుచుకుంది. "ఏముండాది" అంది. "పెద్ద ఇల్లు."

మధ్యాహ్నానికి బస్సు చాముండి కొండ ఎక్కింది. గుడి ముందు దిగగానే ముగ్గురూ అలవాటుగా చెప్పులు విడిచారు. అలవాటుగానే ఆమె చేతులు కొంచెం ముందుకు వచ్చాయి. లక్ష్మీప్రియ వాటిని చూసింది. వాటికి ఒక పని చెప్పింది. వంగి తన చెప్పులు విప్పి, ఆ మూడు జతల పక్కన నాలుగోదిగా సర్దింది.

"మళ్లా స్టాండా?" అంది బయ్యమ్మ భయంగా.

"వద్దులే అత్తా. పరాయోళ్ల చేతికి ఎందుకు? మన మనిషే ఉండల్ల." మొగుడి వైపు తిరిగింది. "ఆయనయితే ఈ గుడి రెండుసార్లు సూసేసినాడు."

గంగాధరం ఆ మనిషి ఎవరా అని చుట్టూ చూశాడు. నిజంగానే చూశాడు, పాపం. బయ్యమ్మ ఒకసారి గోపురం వైపు, ఒకసారి చెప్పుల వైపు చూసింది. ఎక్కువసేపు పట్టలేదు.

"నిజమే నాయనా. నువ్వే కూసో. బద్రం."

లక్ష్మీప్రియ తిండి సంచి అతని ఒళ్లో పెట్టింది. దాని మీద తేజస్విని బ్యాగు, దాని మీద మోకాళ్ల నూనె సీసా. "నీకేమప్పా, హాయిగా కూసో" అని, చేతులు వెనక కట్టుకుని గుడి వైపు నడిచింది.

పది అడుగులు పోకముందే వెనక ఎవరో మర్యాదగా అడగడం వినిపించింది.

"ఏనప్పా, జోడిగె ఎష్టు?"

గంగాధరం ఏం చెబుతాడో వినాలని చాలా అనిపించింది. కానీ లోపల వరస కదులుతోంది. ఆమె ఆగలేదు.