అల్లం కొమ్ముకు పలికిన అద్దం

మా గోదాములో అద్దం పెట్టిన రోజు నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది. అద్దమంటే ముఖం చూసుకునేది కాదు. బడి పిల్లల పలక అంత ఉంటుంది, తలుపు పక్కన గోడకు బిగించారు. పొద్దున పనికి వచ్చినవాళ్ళు అందులో తమ ఫొటో మీద వేలు పెడితే టింగుమంటుంది, పచ్చటి గుర్తు పడుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒక ఫొటో తీస్తుంది. అంటే హాజరు పడ్డట్టు. పందొమ్మిదేళ్ళు రిజిస్టరులో హాజరు వేసిన షాహెద్ మున్షీని నేను. ఆ పని అద్దానికి పోయింది, అద్దానికి కాపలా పని నాకు వచ్చింది.

మాది మొగుడంపల్లి రోడ్డు మీద శొంఠి గోదాము. న్యాల్‌కల్ దిక్కు నుంచి పచ్చి అల్లం వస్తుంది. ఆడవాళ్ళు దాని పొట్టు గీకి, సున్నపు నీళ్ళలో ముంచి, ఎండబోస్తారు. ఎప్పుడు చూసినా వాళ్ళ చేతులు తడే. ఆ చేతులతో ముడితే అంత ఖరీదైన సామాను చెడిపోదా? అందుకే మొదటి రోజే ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: 'తడి చేతులతో ముట్టరాదు. కడిగి, పొడిగా తుడుచుకొని ముట్టవలెను.' పక్కన మేకుకు ఒక తువ్వాల కూడా తగిలించాను. జాగ్రత్తలో నన్ను మించినవాడు జహీరాబాద్‌లో లేడని నా గట్టి నమ్మకం.

పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి టింగుమంది. ఎల్లమ్మకు అనలేదు.

ఎల్లమ్మ అందరికంటే పెద్దది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ సున్నపు నీళ్ళలోనే ఉన్నాయి ఆమె చేతులు. వేళ్ళ చివర్లు మొద్దుబారి చెప్పు అడుగులా తయారయ్యాయి.

"జర గట్టిగ ఒత్తు ఎల్లమ్మా," అన్నాను.

"ఒత్తుతనే ఉన్న సాబ్. ఇంక ఒత్తితే గోడ పడుతది."

మా సేటు విరూపాక్ష చెడ్డవాడు కాదు, కానీ భయస్తుడు. "మాల్ కొనే కంపెనోళ్ళు మిషన్ లెక్కనే నమ్ముతమంటున్రు మున్షీ. శనివారం దాంక పేరు పడనోళ్ళను సోమవారం సంది రావొద్దను," అన్నాడు. ఎల్లమ్మ వింటూనే ఉంది. నా దగ్గరికొచ్చి మెల్లగా, "గీ పని పోతే నేనేం చెయ్యాలె సాబ్? నా చేతులకు శొంఠి తప్ప ఇంకోటి రాదు," అంది. నేను చూసుకుంటాలే అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

అద్దం బిగించి వెళ్ళిన రితేష్‌కు ఫోను చేశాను. వేలిముద్రలు అరిగిపోవడం వల్లనా అని అడిగాను.

"అది ముద్ర చూడదు అంకుల్. ఒత్తుడుతోని గూడ పని లేదు. పాత మిషన్లల్ల రెండు పొరలుండేవి, ఒత్తితే ఒకదానికొకటి తగిలి పలికేవి. ఇది వేరే. అద్దం మీద సన్నగ కరెంటు పరుచుకొని ఉంటది. మన ఒంట్ల నీళ్ళు, ఉప్పు ఉంటయి గద, వేలు ఆనంగనే ఆ కరెంటును జర గుంజుకుంటది. యాడ గుంజిందో అద్దం కనిపెడతది. మీ ఫోను గంతే, స్టేషన్ల టికెట్ మిషన్ గంతే, దవాఖాన మిషన్లు గూడ గంతే."

నాకు సగం అర్థమైంది. ఆ సగంలో మళ్ళీ సగమే ఎల్లమ్మకు చెప్పాను. "మనిషి ఒంట్ల కరెంటు ఉంటదట. అది ఉంటేనే అద్దం పలుకుతదట."

ఆమె ముఖం వాడిపోయింది. "అంటే నా ఒంట్ల లేదా?"

ఊరికే అన్నానని సర్దిచెప్పినా వినలేదు. మర్నాడు ఆలస్యంగా వచ్చింది. "దవాఖానకు పోయిన సాబ్. నాడి మంచిగనే కొట్టుకుంటున్నదన్నడు డాక్టరు. మరి అద్దమెందుకు లేదంటున్నది? డాక్టరు మాట నమ్మాల్నా, అద్దం మాట నమ్మాల్నా?"

నాకూ ఏది నమ్మాలో తోచలేదు. ఆమె బతికే ఉందని నా కళ్ళకు తెలుస్తోంది. అద్దానికి తెలియడం లేదు. నాలో ఎంత కరెంటు ఉందో చూసుకుందామని ఎవరూ లేనప్పుడు నేనూ నా ఫొటో మీద వేలు పెట్టి చూసుకున్నాను. టింగుమంది. ఎందుకో సిగ్గేసింది.

శుక్రవారం నా తువ్వాలతో రెండుసార్లు తుడుచుకుంది ఎల్లమ్మ. ఆ మీదట వేళ్ళను గోనెసంచికేసి రుద్దుకుంది. "ఇంకా మంచిగ తుడువు, జర తడి గూడ ఉండొద్దు," అని నేనే కసిరాను. అద్దం ఉలకలేదు.

శనివారం పొద్దున సేటు అద్దం పక్కనే నిలబడ్డాడు. ఎల్లమ్మ చేతులు కడిగింది, తుడిచింది, ఐదుసార్లు పెట్టింది. ఐదుసార్లూ ఏమీ లేదు. లోపలికి పోయి అల్లం కుప్ప ముందు కూర్చుని గీకడం మొదలుపెట్టింది.

"పేరు తీసెయ్ మున్షీ," అన్నాడు సేటు నేల చూస్తూ.

ఆ మాట లోపలికి వినబడింది. ఎల్లమ్మ లేచి విసురుగా వచ్చింది. పిడికిట్లో సగం గీకిన అల్లం కొమ్ము, దాని నుంచి రసం కారుతోంది.

"ఎవల పేరు తీస్తవు సాబ్? గా ఫొటోల ఉన్నదెవలు? గిది నేను గాదా?" అంటూ ఆ కొమ్ముతో తన ఫొటోను పొడిచింది.

టింగ్.

పచ్చటి గుర్తు పడింది. నోరు తెరిచి, అల్లం ఎత్తి పట్టుకున్న ఎల్లమ్మ ఫొటో కూడా పడింది. సేటు నా వైపు చూశాడు, నేను సేటు వైపు చూశాను. మా ఇద్దరికీ ఏమీ తెలియదని ఇద్దరికీ తెలిసిపోయింది.

ఎల్లమ్మ గడప మీద కూలబడింది. "ఇరువై నాలుగేండ్ల సంది నేను గీకే అల్లం సాబ్ ఇది. దీన్ని గుర్తువట్టింది. నన్ను పట్టలె," అని ఏడ్చింది. ఆ అద్దాన్ని పీకి సున్నపు నీళ్ళ తొట్టిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది. పడేయలేదు. రితేష్‌కు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, జరిగిందంతా చెప్పాను.

అతను పెద్దగా నవ్వాడు. "పచ్చి అల్లమంటే నిండ నీళ్ళే గదా అంకుల్. అవ్వ దాన్ని పిడికిట్ల పట్టుకున్నది. గుంజింది అల్లం గాదు, అవ్వ ఒళ్ళే. అల్లం ఒట్టి దారి గంతే. వేలి కొసకు తోలు మందమై ఎండిపోయింది, అందుకే ఒట్టి వేలుతోని పడ్తలేదు. జర తడి ఉంటే పడునేమో. అక్కడెవలన్న మరీ పొడిగ తుడిపిస్తున్రా ఏంది?"

అందరూ నా అట్ట వైపు చూశారు. నేనూ చూశాను. అక్షరాలు చాలా చక్కగా రాశాను.

ఎల్లమ్మ అంత తొందరగా నమ్మే మనిషి కాదు. లేచి నా తువ్వాలను నాలుగు మడతలు వేసింది. ఆ పొడి మడతల్లో పెట్టి పట్టుకున్న అల్లాన్ని అద్దానికి ఆనించింది. ఏమీ లేదు. ఇంకోసారి ఆనించింది. ఏమీ లేదు. తువ్వాలను నా మీదికి విసిరేసి, అదే కొమ్మును ఉత్త చేత్తో పట్టుకుని ఆనించింది.

టింగ్.

"అంటే అల్లం గాదు," అంది ఆలోచిస్తూ. "నేనే."

సేటు గబగబా లోపలికి పోయాడు. నేను అట్ట చింపేశాను. ఎల్లమ్మ మాత్రం అక్కడే నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ మళ్ళీ ఆనిస్తూనే ఉంది.

ఆ రోజు మిషన్ లెక్కలో ఎల్లమ్మ తొమ్మిదిసార్లు హాజరైంది. అందులో ఒక్కటి కూడా కొట్టెయ్యమని నేను రితేష్‌కు చెప్పలేదు.