లెక్కల గైడు మొదటి పేజీ

కంప్యూటర్ స్విచ్ నొక్కి వంటగదిలోకి వెళ్లిన తవిటమ్మ అన్నం వార్చి వచ్చేసరికి కూడా తెర నల్లగానే ఉంది. మూడు వారాలుగా ఇదే వరస. మొదట్లో తననే అనుమానించింది. ఇరవయ్యేళ్ల కాపురం నేర్పిన అలవాటది. పాలు విరిగినా, కరెంటు పోయినా, కూతురికి మార్కులు తగ్గినా ముందు నేనేం చేశానని మనసు తన చేతులనే వెతుక్కుంటుంది. తర్వాత ఆ అలవాటుని పక్కన కూర్చోబెట్టి, లెక్క చేసినట్టే ఒక్కొక్క మెట్టూ చేసుకుంటూ వచ్చింది. స్విచ్ వేయగానే వాటంతట అవే తెరుచుకునే ప్రోగ్రాములన్నీ తీసేసింది. వైరస్ వెతికించింది. తేడా లేదు. ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒక చప్పుడు మిగిలింది. పెట్టె లోపల, ఎండిన జీడిపిక్కని గోరుతో కొట్టినట్టు, టక్, టక్. హార్డ్ డిస్కు చచ్చిపోతోంది.

ఎప్పుడు మొదలైందో కూడా ఆమెకు తెలుసు. దసరాకి ఆయుధపూజ నాడు స్కూటరూ కుట్టుమిషనూ అయ్యాక, భర్త సోమేశ్వరరావు కవిటి తోటలోంచి వచ్చిన కొబ్బరికాయ తీసుకుని, నడుస్తున్న కంప్యూటర్ పెట్టె మూలకేసి ఠపీమని కొట్టాడు. "ఆపాక కొట్టండి, లోపల డిస్కు తిరుగుతోంది," అని ఆమె అంటూనే ఉంది. "నీ పాఠాలు బళ్లో సెప్పుకో," అన్నాడు, బళ్లో పాఠాలు చెప్పేది తానే అయినా. అత్త రత్నాలమ్మ పకపకా నవ్వింది. మర్నాటి నుంచీ చప్పుడు. "పొద్దస్తమానం దాని కాడే కూకుంటే పాడవదేటి మరి?" అంది అత్త. కొత్త డిస్కు వేయిద్దామని రెండుసార్లు అడిగితే, "ఉన్నదాన్ని తిన్నగా వాడు ముందు," అన్నాడు భర్త.

ఆ డిస్కులో ఉన్నది పదో తరగతి లెక్కల గైడు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పిల్లలు దాన్ని సోమేశ్వరరావు మాస్టారి గైడంటారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, అట్ట మీద ఆయన ఫొటో. లోపలి లెక్కలు బి.ఎస్సీ. చదివిన తవిటమ్మవి. మొదటి ఏడాది టైపు చేసిపెట్టమన్నాడు. తప్పులుంటే దిద్దింది. మరుసటేడు దిద్దడానికీ ఏమీ ఇవ్వకుండా పాఠ్యపుస్తకం చేతిలో పెట్టి, "నువ్వు సేసేయ్, నేను సూత్తాను," అన్నాడు. ఎన్నడూ చూడలేదు. ఈ ఏడు సిలబస్ మారింది. పోపు వేసి వచ్చి ఒక మెట్టు, బట్టలు ఆరేసి వచ్చి ఇంకో మెట్టు, అలా పదకొండు అధ్యాయాలూ కొత్తగా రాసింది. శుక్రవారానికి శ్రీకాకుళంలో ప్రెస్సుకి అందాలి. నకలు దాచుకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. ఇప్పుడు ఈ డిస్కు పోతే, తాను రాశానని తనకు తాను చూపించుకోవడానికైనా ముక్క మిగలదు. ఆ ఊహకి భయం కన్నా ముందు కోపం వచ్చింది. అది కొత్త కోపం కాదు. ఇన్నాళ్లూ దానికి తలనొప్పి అని పేరు పెట్టుకుంది, అంతే.

బుధవారం సాయంత్రం కాశీబుగ్గ నుంచి రిపేరు సన్యాసి వచ్చాడు. నల్ల తెరని ఒక్క చూపు చూశాడు.

"విండోసు పోయింది సార్. ఫార్మేట్ కొట్టేత్తాను. అరగంటలో కొత్త పెల్లికూతుర్లా లేత్తాది."

"కొట్టేయ్," అన్నాడు సోమేశ్వరరావు. "రమా, టీ," అని భార్యకి కేకేశాడు.

"కొట్టొద్దు," అంది తవిటమ్మ.

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు.

"నీకేటి తెలుసే? లోపలికెల్లు."

"జబ్బు విండోసుది కాదు, డిస్కుది. ఫార్మేట్ కొడితే గైడు మొత్తం పోతుంది. చెవి పెట్టి విను, సన్యాసీ."

కుర్చీలోంచి వంగి సన్యాసి పెట్టెకి చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు. లేచాక సార్ వైపు చూడకుండా అన్నాడు, "మేడమ్ సెప్పింది నిజమే. ఇంక ఎంతోసేపు బతకదు. బండిలో కొత్త డిస్కుంది, అది బిగించి దొరికినంత లాగుదాం. ముందేటి కావాల?"

"నా సన్మానం ఫొటోలు," అన్నాడు సోమేశ్వరరావు. వెంటనే, "గైడు కూడా," అన్నాడు.

"ఎక్కడున్నాది సార్?" కొత్త డిస్కు బిగించి, తెర వెలిగాక అడిగాడు సన్యాసి.

సోమేశ్వరరావు తెర వైపు చూశాడు. తన ఇంట్లో తనకే తెలియని గది ఉన్నట్టు చూశాడు. తవిటమ్మకి ఒక్క క్షణం జాలి వేసింది. జాలి వేసిన ప్రతిసారీ తానే టీ పెట్టడానికి వెళ్లిపోతుందని కూడా ఆ క్షణంలోనే తెలిసింది. వెళ్లలేదు.

"లే సన్యాసీ," అంది. కుర్చీలో కూర్చుంది. ఒక్కో అధ్యాయం లాగింది. ఏడోది దగ్గర పెట్టె కీచుమంది, ఆగింది, మళ్లీ కదిలింది. పదకొండూ వచ్చాక ఫొటోల మీద నొక్కింది. మూడు వచ్చాయి. నాలుగోదాన్లో, మాస్టారి మెళ్లో దండ పడుతుండగా, చప్పుడు ఆగిపోయింది. ఇక కదల్లేదు.

"కావాలనే సేసింది," అంది గుమ్మంలో రత్నాలమ్మ.

"అవును," అంది తవిటమ్మ.

కొత్త డిస్కు మీద గైడు తెరిచింది. మొదటి పేజీలో రచయితగా సోమేశ్వరరావు పేరుంది. దాన్ని అక్షరం అక్షరం చెరిపి, తవిటమ్మ, బి.ఎస్సీ. అని కొట్టింది. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ పోతే, అరవై ఎనిమిదిలో పుట్టిన ఈ పిల్లని తల్లి పక్కింటివాళ్లకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది, ఇదైనా బతకాలని. పెళ్లయ్యాక, మాస్టారి పెళ్లానికి తవిటమ్మేటి, నామోషీ అని సోమేశ్వరరావు ఆమెను రమాదేవిని చేశాడు. తల్లి బతికించడానికి పెట్టిన పేరు ఇన్నాళ్లూ రేషను కార్డులోనే ఉండిపోయింది.

"తవిటమ్మ పేరు మీద లెక్కల గైడా?" సన్యాసి ఎదుట నవ్వబోయాడు సోమేశ్వరరావు. నవ్వు సగంలో నిలిచిపోయింది. "ఎవడు కొంటాడే?"

సన్యాసి తన పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో కూడా ఒకటి ఎక్కించుకో అక్కా." అంతవరకు మేడమ్ అన్నవాడు.

ఆమె ఎక్కించుకుంది. దాన్ని తీసి కొంగున ముడి వేసుకుంది.

"శుక్రవారం పొద్దున బస్సుకి నేనే వెళ్తాను," అంది. "ప్రెస్సాయన ఆ పేరు వద్దంటే తిరిగి తెచ్చేసుకుంటాను. నాదే కదా."