తాళం వేసిన ఇంటిపేర్లు

"వాట్ ఈజ్ యువర్ సర్‌నేమ్?" అని టీచరమ్మ అడిగింది. మా వదిన లేచి, తడి చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని మా మేనేజరు గారి పేరు చెప్పింది.

తరవాత వంటాయన లేచాడు. ఆయనా అదే పేరు చెప్పాడు. డ్రైవరూ అదే, వాచ్‌మనూ అదే. నా వంతు వచ్చేసరికి నేను ముందు ఒక మిస్టర్ కూడా తగిలించి మరింత గట్టిగా చెప్పాను. టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టేసింది.

"మీరంతా ఒకే ఇంటివాళ్ళా?"

"ఒకే హోటలు వాళ్ళమండి" అన్నాను.

"మరి అందరికీ ఒకే ఇంటిపేరేమిటి?"

అప్పుడు తెలిసింది. ఆవిడ అడిగింది సర్‌నేమ్, మేము విన్నది సార్ నేమ్.

"ఆయనకింత సంతానం ఉందని ఇంట్లో చెప్పకండి టీచరమ్మా, వాళ్ళావిడ అసలే చెయ్యి చురుకు మనిషి" అంది వదిన. ఆ రోజు పాఠం ఇక సాగలేదు.

క్లాసు జరిగేది హోటలు వెనక, మేము పనిచేసే బట్టల గదిలోనే. మధ్యాహ్నం దుప్పట్ల ఉతుకు అయ్యాక యంత్రాలు ఆపేసి, ఇస్త్రీ బల్ల మీద బోర్డు ఆనించి మాకు ఇంగ్లీషు గ్రామరు నేర్పేవాళ్ళు. అతిథులతో మాట్లాడాలంటే అది రావాలని మేనేజరు గారి హుకుం. గ్రామరంటే గ్రాముల్లో ఉంటుందనుకున్నాం, బస్తాల్లో దిగింది. "హూజ్ షర్ట్ ఈజ్ దిస్? ఇట్ ఈజ్ హిజ్ షర్ట్" అని టీచరమ్మ అనడం, మేము ఆవిరిలో తడుస్తూ అప్పజెప్పడం. హిజ్, హర్, మైన్, యువర్స్. నా ఇస్త్రీ పెట్టెకంటే నా నాలుకే ఎక్కువ కాలింది.

వదినంటే మా అన్నయ్య భార్య. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టింది ఆవిడే, ఇప్పటికీ పొద్దున్నే నా కాలరు సరిగా ఉందో లేదో చూసేదీ ఆవిడే. తడి నేల మీద నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. బట్టల గదికి ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయినప్పటినుంచి అల్మరా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. చెవి వచ్చింది గానీ కుర్చీ రాలేదు. ఆవిడకి కావలసింది పదవి కాదు, కుర్చీ. శుక్రవారం ఉదయం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అడిగి, సరిగ్గా చెబితే ఆ కుర్చీ ఇస్తానని మేనేజరు గారు మాటిచ్చారు. అందుకే మాలో ఎవరు పాఠం ఎగ్గొట్టినా వదిన మాత్రం ఎగ్గొట్టలేదు. ఉతుకుతూ హిజ్, పిండుతూ హర్, ఆరేస్తూ మైన్.

సర్‌నేమ్ గొడవ అయిన మర్నాడు టీచరమ్మ ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల సంగతి చెప్పింది. స్మిత్ అంటే కమ్మరి. టైలరంటే బట్టలు కుట్టేవాడు. బేకరంటే రొట్టెలు కాల్చేవాడు. జాన్ కొడుకైతే జాన్సన్. కొండ పక్కనుంటే హిల్. వాకర్ అని ఒకటుంది, అంటే నడిచేవాడే, కానీ దారి మీద కాదు, బట్ట మీద. నేసిన ఉన్ని గుడ్డని తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కి తొక్కి శుభ్రం చేసి దట్టం చేసేవాళ్ళకి ఆ పేరట.

వదిన ముందుకి వంగింది. "అంటే మనవాళ్ళేగా. ఆ పేరు వాళ్ళకి ఎవరు పెట్టారమ్మా?"

"ఎవరూ పెట్టలేదండీ. చేసే పనిని బట్టి చుట్టుపక్కలవాళ్ళు అలా పిలిచారు. తరాలు గడిచినా ఆ పిలుపు అలా నిలిచిపోయింది."

"పిలిస్తే నిలిచిందన్నమాట" అంది వదిన. "బావుంది."

సరిగ్గా అప్పుడే మేనేజరు గారు ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. ఎక్కడో మూతపడ్డ హోటలు సామాను కొంటే దాంతోపాటు వచ్చిందట. దాని నిండా గుడ్డ పట్టీలు, పట్టీల మీద దారంతో కుట్టిన ఇంగ్లీషు ఇంటిపేర్లు.

"మీ పేర్లు అతిథులకి నోరు తిరగడం లేదు" అన్నారాయన. "రేపటినుంచి కోటు మీద ఇవే ఉండాలి. ఎవరు పిలిచినా వీటికే పలకాలి."

పెట్టెలో చెయ్యి పెట్టి చేతికందింది అందినట్టు పంచారు. పొద్దస్తమానం బండిలోనే కూర్చునే డ్రైవరుకి వాకర్ వచ్చింది. వంటాయనకి టైలర్. వాచ్‌మన్‌కి కుక్ వచ్చింది. "ఒక్క ఒత్తు తగిలిస్తే నా డ్యూటీయే సార్" అని అతను నొచ్చుకున్నాడు. నాకు బేకర్. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ "బేకార్ అనా? ఇన్నాళ్ళకి మీవాళ్ళు సరిగ్గా పోల్చుకున్నారు" అంది. వదినకి లావెండర్. మేనేజరు గారు తనకి మాత్రం పెట్టెంతా వెతికి కింగ్ తీసుకున్నారు.

డ్రైవరు ఊరుకోలేక అడిగాడు. "టీచరమ్మా, కింగ్ అంటే ఆయన తాతలు రాజులా?"

టీచరమ్మకి అబద్ధం చెప్పడం రాదు. ఆ వయసులో ఇంకా నేర్చుకోలేదు. "మామూలుగా కాదండీ. నాటకంలో రాజు వేషం కట్టినవాళ్ళకీ, రాజులా పోజు పెట్టి తిరిగేవాళ్ళకీ వెక్కిరింతగా పెట్టిన పేరు. అదే ఇంటిపేరయింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక వంటాయన బకెట్టులోకి తలపెట్టి దగ్గాడు.

మేనేజరు గారు వెళ్ళాక టీచరమ్మ వదిన పట్టీ చూసి సంతోషపడింది. "మీకు మాత్రం అచ్చంగా కుదిరిందండీ. లావెండరంటే అందరూ పువ్వనుకుంటారు గానీ, ఇంటిపేరుగా మాత్రం బట్టలుతికే మనిషి అని అర్థం."

వదిన ఆ పట్టీని వేళ్ళతో తడిమింది. కుట్టు తిప్పి వెనక్కి చూసింది. తరవాత తిరిగి పెట్టెలో పడేసింది.

"నాకొద్దు."

"అదేంటి వదినా" అన్నాను. "అర్థం కూడా సరిపోయిందిగా."

"అర్థం సరిపోయింది, మనిషి సరిపోలేదు. ఎప్పుడో ఎక్కడో ఒకావిడ చేతులు పగిలేలా ఉతికితే జనం ఆవిడకిచ్చిన పేరిది. ఆవిడ సంపాదన. అది నేను తగిలించుకుని తిరగడమేంటి? నా పేరు నాకుంది. నోరు తిరగకపోతే తిప్పుకోమను."

"శుక్రవారం కుర్చీ?"

"కుర్చీలో కూర్చునేది నేనా, లావెండరా?" అంది వదిన. "లావెండరయితే మోకాళ్ళ నొప్పులు కూడా ఆవిడకే ఇచ్చేయమను."

ఆ మాట మేనేజరు గారి దాకా పోయింది. ఆయన గుమ్మంలోంచే "చూడమ్మా, పట్టీ లేకపోతే పోస్టు లేదు. మిగతావాళ్ళవి కుట్టి పెట్టు" అని వెళ్ళిపోయారు. వదిన కుట్టింది. అందరి కోట్లకీ, మేనేజరు గారి కోటుకీ, పీకినా రానంత గట్టిగా కుట్టింది. తన కోటు ఒక్కటే ఖాళీగా ఉంచింది.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. బట్టల గదిలో మనిషి మొహం చూసి గుడ్డ ఇవ్వరు, గుర్తు చూసి ఇస్తారు. దేని మీద ఏ పేరు కుట్టి ఉంటే అది ఆ పేరుగల మనిషిది. ఒకప్పుడు ఒక అతిథి పట్టుచొక్కా ఇంకొకాయన ఒంటి మీదెక్కి ఊరేగింది. అప్పుడు మేనేజరు గారే ఒక రూలు పెట్టారు. గుడ్డ మీద పేరున్న మనిషి హోటల్లో లేకపోతే ఆ గుడ్డ తాళం అల్మరాలోకి పోవాలి. ఆ పేరుగల మనిషి స్వయంగా వచ్చి అడిగితే తప్ప, ఎంతటివాడొచ్చి అడిగినా బయటికి తియ్యకూడదు. ఎంతటివాడొచ్చినా అన్నది ఆయన నోటిమాటే.

గురువారం సాయంత్రం కోట్లన్నీ ఉతుక్కి వచ్చాయి. శుక్రవారం పొద్దున్న నేను ఇస్త్రీ చేసి వరసగా తగిలించాను. వదిన ఒక్కొక్క కోటూ తీసి, పట్టీ చదివి, అల్మరాలో పెట్టి తాళం వేసింది.

"వదినా, అవి మనవాళ్ళవే."

"ఏదీ, మనవాళ్ళ పేరున్నది ఒకటి చూపించు మరిదీ."

నా కోటు మీదే బేకర్ అని ఉంది.

కాసేపటికి డ్యూటీ ఎక్కడానికి అందరూ వచ్చారు. వంటాయన, డ్రైవరు, వాచ్‌మను, అంతా బనియన్ల మీద బట్టల గది ముందు గుమిగూడారు. అవతల హాల్లో అతిథులు కాఫీ కోసం కేకలేస్తున్నారు. ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. కోట్లు దొంగలెత్తుకెళ్ళారని ఒకరు, యంత్రంలో కాలిపోయాయని ఇంకొకరు అనుకుంటున్నారు. చివరికి మేనేజరు గారు వచ్చారు. కింద మడత నలగని ప్యాంటు, పైన బనియను.

"నా కోటేది?"

"మీ పేరుతో కోటేదీ రాలేదు సార్" అంది వదిన. "కింగ్ అనే ఆయనది ఒకటుంది. ఆయనొస్తే ఇస్తాను."

"ఆ కింగ్‌ని నేనే."

"జీతం పుచ్చుకునేటప్పుడు కింగ్ అనే సంతకం పెడతారా సార్?"

డ్రైవరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు నవ్వుతోంది.

"తాళంచెవి ఇటివ్వు. ఇవాళ నీ పోస్టు సంగతి తేల్చాలి, గుర్తుందా?" అన్నారు మేనేజరు గారు.

"గుర్తుంది సార్. గుర్తు చూసి ఇవ్వడమే కదా నా పని. చెవి అడక్కండి. ఎంతటివాడొచ్చినా ఇవ్వొద్దన్నది మీరే."

"అసలేం జరిగిందమ్మా, మాకూ చెప్పు" అన్నాడు వంటాయన వెనకనుంచి. "అవతల పాలు పొంగుతున్నాయి."

వదిన ఉతుకుడు తొట్టి అంచు మీద కూర్చుంది. నిలబడి చెప్పే ఓపిక మోకాళ్ళకి లేదు. గొంతులో మాత్రం ఉంది.

"దొంగలూ రాలేదు, మంటలూ రాలేదు. మీ కోట్లన్నీ ఈ అల్మరాలోనే భద్రంగా ఉన్నాయి. ఇది వాకర్‌ది, అది టైలర్‌ది, ఆ పక్కది కుక్‌ది. ఆ పేర్లవాళ్ళు ఈ హోటల్లో ఒక్కరూ లేరు. అందుకని రూలు ప్రకారం తాళం వేశాను. ఆ పేర్లు మంచివే. ఎక్కడో ఎవరో పనిచేసి తెచ్చుకున్నవి, వాళ్ళ వాళ్ళకి చెందాలి. నాకు తెలిసిన లెక్క ఒక్కటే, గుడ్డ మీద పేరు కుడితే ఆ గుడ్డ ఆ పేరువాళ్ళది అయిపోతుంది. మనుషులకీ అంతే. అందుకే నా మీద కుట్టనివ్వలేదు. మీరు ఒక్కొక్కరే వచ్చి 'ఇది నా పేరు కాదు, కోటు మాత్రం నాదే' అని మీ పేరు చెప్పండి. పట్టీ నేనే విప్పి కోటిస్తాను. చెప్పనివాళ్ళు బనియను మీదే వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. కుర్చీ ఇవ్వకపోతే ఈ తొట్టి అంచు మీదే కూర్చుంటాను సార్, కానీ నా పేరుతోనే కూర్చుంటాను."

వదిన చిన్న కత్తెర తీసింది. వంటాయన ముందుకొచ్చి, పుట్టినప్పుడు పెట్టిన పేరు, తాతలనాటి ఇంటిపేరుతో సహా, హాలు దాకా వినపడేలా చెప్పాడు. అతని వెనక డ్రైవరు, ఆ వెనక వాచ్‌మను, ఆ వెనక నేను. మేనేజరు గారు కాసేపు అల్మరా వంకా, కాసేపు హాలు వంకా చూసి, చేతులు బనియను మీద అడ్డం పెట్టుకుని నా వెనకొచ్చి నిలబడ్డారు.