జగ్గయ్య వస్తే నొక్కే మీటలు

అర్జునరావుకు లోకంలో ఎవరి మీదా అనుమానం లేదు, ఒక్క బావమరిది జగ్గయ్య మీద తప్ప.

నడిసంద్రంలో వంజరం చేపలు గుంపులుగా తిరిగే చోటొకటి ఉంది. తండ్రి చూపించి పోయిన చోటది. దాని జీపీఎస్ నెంబర్లు ఇంట్లో కంప్యూటర్లో దాచుకున్నాడు అర్జునరావు. జగ్గయ్యకూ బోటుంది, పైగా రోజూ టీకి వస్తాడు. ఆ నెంబర్లు అతని కంట పడ్డాయంటే నెల తిరక్కుండా అక్కడ చేపన్నది మిగలదు.

"ఎవుడైనా వత్తే ఇది సిటికెలో మూసీడానికి దారేటే?" అని కూతురు దుర్గను అడిగాడు. రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం ఆ పిల్లది.

"విండోస్ మీటా, ఎల్ మీటా కలిపి నొక్కు నాన్నా. లాకైపోద్ది. మా ఆఫీసులో టీకి లెగిసినా ఇదే సేత్తాం."

అర్జునరావు వారం రోజులు సాధన చేశాడు. తాళ్లు లాగి మొద్దుబారిన వేళ్లు మొదట నాలుగేసి మీటల మీద పడేవి. తర్వాత ఎంత చేయి తిరిగిందంటే, గుమ్మంలో జగ్గయ్య చెప్పుల చప్పుడైతే చాలు, నెంబర్లు మాయం.

"ఏటి బావా, నాను రాగానే దాని మీద పడతన్నావ్?" అని అడిగాడు జగ్గయ్య. అంతకుముందు అతను ఆ కంప్యూటర్ వైపు చూసిన పాపాన పోలేదు.

"ఏటీ నేదు. టీ తాగు."

వేట నిషేధం ముగిసి బోటు వెళ్లిన రోజు పొద్దున్నే జగ్గయ్య వచ్చాడు. టక్కున లాక్ పడింది. అంతలో బోటు నడిపే గణేష్ సముద్రం మీంచి ఫోన్ చేశాడు. కొత్తగా పెట్టించిన జీపీఎస్‌లో ఆ నెంబర్లు ఎక్కించడం అర్జునరావే మరిచిపోయాడు.

బావమరిదిని టీ గ్లాసుతో సహా అరుగు మీదకు సాగనంపాడు. తలుపు గడియ పెట్టి, కిటికీలు మూసి, అప్పుడు లాక్ తీశాడు. తన జాగ్రత్తకు తనకే ముచ్చటేసింది.

"ఇంజను సప్పుడికి ఇనపడ్నేదు, గట్టిగా సెప్పు," అన్నాడు గణేష్.

అలల హోరులో పక్క బోటును కేకేసి పిలిచే గొంతు అర్జునరావుది. ఒక్కో అంకెనూ విడదీసి, ఆ గొంతుతోనే, రెండుసార్లు చెప్పాడు. మళ్లీ లాక్ వేసి, నిశ్చింతగా తలుపు తెరిచాడు.

అరుగు మీద జగ్గయ్య అరచేతిలో పెన్నుతో ఏదో రాసుకుంటున్నాడు.

"బావా," అన్నాడు ఎంతో మర్యాదగా, "ఆకరి అంకె మూడా, ఎనిమిదా? అదొక్కటీ సరిగ్గా ఇనపడ్నేదు."

అర్జునరావు ఏం చేయాలో తోచక లోపలికి పరిగెత్తి, మళ్లీ ఆ రెండు మీటలే నొక్కాడు.