నీళ్ళూ నీళ్ళూ కలిసేదాకా

పొద్దున్నే తల దువ్వుతుంటే లాస్య రంగు దువ్వెనకి వచ్చేస్తోంది. జుట్టు నలుపొక్కటే కాదు. బుగ్గల చాయ, రిబ్బన్ల ఎరుపు, యూనిఫాం నీలం, అన్నీ కలిసి దువ్వెన పళ్ళ మధ్య సన్నటి పీచులా చుట్టుకుంటున్నాయి. తల్లి కాత్యాయని ఆ పీచుని వేలితో తీసి, మళ్ళీ కూతురి బుగ్గకే రాస్తుంది. అంటుకోదు.

"కదలకే. ఇంత పిల్లవయ్యావు, కాస్త రంగు నిలబెట్టుకోలేవూ?" అని కసురుతుంది.

"స్కూల్లో నన్నెవరూ చూట్లేదమ్మా. చూసేవాళ్ళు లేనప్పుడు నేనెందుకని అదే పోతోంది," అంటుంది లాస్య.

సబబైన మాటే. సబబైన మాట వింటే కాత్యాయనికి ఒళ్ళు మండుతుంది. దానికి జవాబుండదు కదా మరి.

వాళ్ళు ఈ విశాఖపట్నం ఫ్లాట్‌కి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. భర్త జనార్దన్‌కి పోర్టు పక్క ఆఫీసుకి బదిలీ అయింది. అమలాపురంలో లారీకెత్తిన సామాను ఇంకా విప్పనైనా లేదు, మర్నాడే పిల్లని నడి సంవత్సరంలో కొత్త బడిలో పడేసింది కాత్యాయని. పని తెమిలిపోవాలంతే. "ఆలస్యం అమృతం విషం" అన్నది ఆవిడ ఊతపదం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ చేతిలో ఏ పనీ ఆగదు. ఆగాల్సిన పని కూడా ఆగదు.

చేపల సంగతీ అంతే అయింది. పిల్లకి తోడుంటాయని జనార్దన్ హాల్లో అక్వేరియం పెట్టించాడు. గప్పీలు, మోలీలు, అడుగున పాచి నాకే నల్ల చేప ఒకటి. వాటితో పాటు ఆరు నియాన్ టెట్రాలు. అగ్గిపుల్లంతేసి చేపలు, ఒంటి మీద నీలం గీత, దాని కింద ఎరుపు. ఆరైనా లేకపోతే వాటికి ధైర్యం ఉండదు. గుంపు తగ్గితే రంగు వెలిసిపోతుంది. కొసరుగా దుకాణదారు రూపాయి బిళ్ళంత ఏంజెల్ చేపని కూడా ఇచ్చాడు. "ఇది ఇంతే ఉంటాదమ్మా, పెరగదు. నా మాట ఇనండి," అన్నాడు.

ఆ మాట విన్నది కాత్యాయని. సంచి మూతి విప్పకుండా కాసేపు తొట్టిలో తేలనివ్వాలనీ, సంచిలో నీళ్ళూ తొట్టిలో నీళ్ళూ ఒక్క తీరుకొచ్చాకే చేపల్ని వదలాలనీ కూడా అతను చెప్పాడు. అది మాత్రం విన్లేదు. రబ్బరుబ్యాండు తెంపి కుమ్మరించేసింది. సాయంత్రానికి ఒక టెట్రా వెల్లకిలా తేలింది.

మిగిలిన అయిదూ ఆరోదాని చోటు వదిలిపెట్టి ఈదుతున్నాయి. అవి ఎడమకి తిరిగితే ఆ ఖాళీ కూడా ఎడమకి తిరుగుతుంది. గప్పీలు దాన్ని తప్పుకుని పోతాయి. ఏంజెల్ చేప ఇప్పుడు పళ్ళెమంత అయింది. మూల నిలబడి ఆ ఖాళీ వంకే చూస్తూ ఉంటుంది.

బస్సు హారన్ మోగుతుంది. లాస్య వెళ్ళి ఎక్కుతుంది. ఎక్కిందని బస్సులో ఎవరికీ తెలియదు.

సాయంత్రం బస్సులోంచి యూనిఫాం ఒక్కటే దిగుతుంది. మెట్లెక్కి, చెప్పులు మూలకి విప్పి, లోపలికొచ్చి లాస్య కుర్చీలో కూర్చుంటుంది. లోపల పిల్ల లేదు. కాత్యాయని కాలర్ లోకి తొంగి చూసి, పాలగ్లాసు బల్ల మీద పెట్టేసి, సరాసరి తొట్టి దగ్గరికి పరిగెడుతుంది.

గుంపులో ఖాళీ లేదు. ఆరోదాని నీలం గీత కొత్త రిబ్బనులా మెరుస్తోంది. ఎడమ కంటి మీద అచ్చం లాస్యకున్న పుట్టుమచ్చే. తల్లికి పోల్చుకోవడానికి ఆ మచ్చ కూడా అక్కర్లేదు.

"లాస్యా, బయటికి రా. పాలు చల్లారిపోతున్నాయి."

"రానమ్మా." అద్దానికి చెవి ఆనిస్తే వినిపిస్తుంది. "క్లాసులో అందరూ ఒకేసారి తల తిప్పేస్తారు. ఎటు తిప్పాలో నాకు ఆలస్యంగా తెలుస్తుంది. ఇక్కడ ముందే తెలిసిపోతోంది."

కాత్యాయనికి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వస్తాయి. ఎన్నాళ్ళకి పిల్ల మొహాన రంగు చూసింది! అంతలో మూలనున్న ఏంజెల్ చేప మెల్లిగా గుంపు వైపు కదులుతుంది. సంతోషం కాస్తా చచ్చి ఊరుకుంటుంది.

జనార్దన్ ఆఫీసు నించి వచ్చి బూట్లు విప్పుకుంటూ చూస్తాడు. "రంగొచ్చిందిగా. ఇంకేంటే నీ గొడవ?"

"అందులో ఏంజెల్ ఉందండీ!"

"అది పెరగదన్నాడుగా."

"పళ్ళెమంతైందండీ, కళ్ళు కనపడట్లేదా మీకు?"

"పెరగదన్న మనిషి అబద్ధమెందుకు చెప్తాడే? మన పళ్ళెమే చిన్నదై ఉంటుంది."

ఆ మాట పూర్తయ్యేలోగా ఏంజెల్ చేప నోరు తెరిచి మూస్తుంది. గుంపులో చివరి టెట్రా ఉండదు. మిగిలినవి దాని చోటు వదిలిపెట్టి ఇటు తిరుగుతాయి. ఇప్పుడు చివర ఉన్నది లాస్య.

కాత్యాయని చిన్న వల తెచ్చి లాస్యని పట్టి అరచేతిలోకి తీసుకుంటుంది. బయటికి వచ్చీ రాగానే నీలం ఆరిపోతుంది, ఎరుపు ఆరిపోతుంది. పిల్ల ఒంట్లోంచి తల్లి చేతి గీతలు కనిపిస్తాయి. "అమ్మా, ఊపిరాడట్లేదు," అంటుంది లాస్య. చటుక్కున మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తుంది కాత్యాయని. తన చేతిలో బతకని పిల్ల ఆ నీళ్ళలో బతుకుతోంది. ఇంతకంటే ఏ తల్లికైనా ఏం కావాలి శాపం?

దుకాణానికి ఫోన్ చేస్తుంది. "మీ ఏంజెల్‌ని వెనక్కి తీసుకెళ్ళిపో బాబూ, నీకు దణ్ణం పెడతాను."

"తీసుకెల్లి ఎక్కడెట్టమంటారమ్మా? ఖాళీ ఉన్న చోటే చేప కుదురుగుంటాది. మీ ఇంట్లో చోటేదైనా ఖాళీ అయ్యిందేటి?"

కాత్యాయని కుర్చీ వంక చూస్తుంది. యూనిఫాం బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

ఏంజెల్ చేపని రెండు చేతులతో ఎత్తి తెచ్చి యూనిఫాం తొడుగుతుంది. గుండీలు సరిగ్గా పడతాయి. అది పెరుగన్నం తింటుంది, మూతి తుడుచుకుంటుంది, గిన్నె తీసుకెళ్ళి సింకులో పెడుతుంది. మర్నాడు జడలు వేస్తే దువ్వెనకి ఏ రంగూ అంటదు.

బస్సు రాగానే కిటికీల్లోంచి పిల్లలంతా ఒక్క గొంతుతో అరుస్తారు. "లాస్యా! లాస్యా! ఇటు రావే, నా పక్కన కూచో!"

ఈ పిలుపు కోసమేగా ఇన్నాళ్ళూ గేటు దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడింది. కాత్యాయని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది.

లోపలికొచ్చి చూస్తే టెట్రాలు అయిదే. లాస్య నీలం మళ్ళీ పల్చబడుతోంది. పక్కన ఖాళీ ఉంది. చీర కట్టుకున్న మనిషి పట్టేంత ఖాళీ.

"చేపలు తెచ్చిన ఆ సంచి పారేశారా, ఉందా?" అని అడుగుతుంది భర్తని.

ఉంది. జనార్దన్ దాన్లో కుళాయి నీళ్ళు పట్టి తెస్తాడు. కాత్యాయని కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని అందులోకి దిగుతుంది. మోకాళ్ళు ముడుచుకుంటే సరిపోతుంది.

"కుమ్మరించెయ్యనా?" అంటాడు.

"అయ్యో, వద్దండీ! ఒకసారి చేసింది చాలు. నీళ్ళూ నీళ్ళూ కలవాలి. మూతి గట్టిగా బిగించండి. నేను అరిచినా, కాళ్ళు పట్టుకున్నా ముందే విప్పకండి."

"ఆలస్యం అమృతం విషం అంటావుగా?"

"నిదానమే ప్రధానం," అంటుంది కాత్యాయని. జన్మలో మొదటిసారి అంటోంది. జనార్దన్ మెచ్చుకోలుగా తలూపి కొత్త రబ్బరుబ్యాండు రెండు మెలికలు తిప్పి వేస్తాడు.

సంచి తేలుతుంది. కింద అయిదూ తిరుగుతున్నాయి, పక్కన ఆవిడ చోటు వదిలిపెట్టి. లాస్య పైకొచ్చి సంచికి మూతి ఆనిస్తుంది.

"వచ్చేస్తున్నావా అమ్మా?"

"వచ్చేస్తున్నా తల్లీ. నా నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. కాస్త ఆగు."

ఆగమని కూతురితో అనడం ఎంత హాయిగా ఉందో ఆవిడకి. లాస్య గీత మీదికి చిటికెడు నీలం తిరిగొస్తుంది.

బయట బస్సు ఆగుతుంది. ఏంజెల్ చేప గుమ్మంలో తల వంచుకుని లోపలికొస్తుంది; నిటారుగా నిలబడితే జడలు ఫ్యాను రెక్కలకి తగులుతున్నాయి. బ్యాగు మేకుకి తగిలించి, "నాన్నా, ఆకలేస్తోంది," అంటుంది.

జనార్దన్ మంచి తండ్రి. పిల్ల ఆకలంటే చూస్తూ ఊరుకోలేడు. కుర్చీ లాక్కొచ్చి తొట్టి పక్కన వేసి, మూత తీస్తాడు.

"విప్పండి! ఏవండీ, విప్పండి!" కాత్యాయని సంచిని గుద్దుతుంది, గోళ్ళతో రక్కుతుంది. అరుపులన్నీ బుడగలై సంచి మూతి దగ్గర పోగవుతాయి. జనార్దన్ ఆవిడ వైపు వంగుతాడు. రబ్బరుబ్యాండు మీద వేలు పెడతాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి, వేలు తీసేస్తాడు.

"నువ్వే కదే చెప్పావు," అంటాడు ప్రేమగా.

తొట్టిలోకి వంగిన పిల్ల మూతికి అడ్డం రాకుండా సంచిని మెల్లిగా ఓ మూలకి నెడతాడు. అయిదు టెట్రాలూ ఒక్కసారే ఆవిడ వైపు తిరుగుతాయి. కాత్యాయని సంచి లోపల్నించే వాటికి చెయ్యి అడ్డం పెట్టబోతుంది. సంచిలో నీళ్ళు ఇంకా కొంచెం వెచ్చగానే ఉన్నాయి.