తిరగ్గొట్టిన ముప్పై నాలుగు ఫోటోలు

ఆ ఎర్ర పట్టీ పెట్టమన్నది నేనే. తమ్ముడు వద్దన్నాడు. వాణ్ణి అనడానికేం లేదు.

మాది ‘రోజుకో ఫోటో’ అనే సైటు. పదకొండేళ్లుగా అక్కాతమ్ముళ్లం కలిసి నడుపుతున్నాం. సభ్యులు రోజుకి ఒక్క ఫోటో పెట్టి, కింద రెండు ముక్కలు రాసుకోవాలి, అంతే. ఇంకో పద్ధతి కూడా ఉంది మాకు. ప్రతి మనిషికీ ఒక జోడీ ఉంటారు. మధ్యాహ్నం పన్నెండు దాటినా నీ ఫోటో రాలేదంటే నీ జోడీ నీకు ఫోన్ చేస్తారు. నువ్వు ఎత్తకపోతే మనిషిని పంపిస్తారు. మావాళ్లలో సగం మంది ఒంటరిగా ఉండేవాళ్లే, అందుకని పెట్టుకున్నాం. ఈ ఒక్కదాని కోసమైనా సైటు మూతపడకూడదని నా పంతం.

మూతపడే రోజు మాత్రం ముంచుకొచ్చేసింది. నెలాఖరులోగా అద్దె కట్టకపోతే పదకొండేళ్ల ఫోటోలూ తుడిచేస్తామని సర్వర్ వాళ్లు మెయిల్ పెట్టారు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. చందా కట్టండి బాబూ అని మూడు వారాలు అందరినీ బతిమాలాను. అందరూ “అయ్యో, తప్పకుండా” అన్నవాళ్లే, కట్టింది పాతికమంది. నాకు ఒళ్లు మండింది.

“కట్టనివాళ్ల ఫోటో తీసుకోవద్దురా. పేజీ మీద ‘చందా బాకీ’ అని ఎర్ర పట్టీ వెయ్యి. సిగ్గొచ్చి కడతారు,” అన్నాను.

“పెద్దవాళ్లున్నారక్కా, వాళ్లకి ఆన్‌లైన్‌లో కట్టడం రాదు.”

“ఫోటోలు పెట్టడం వచ్చిందిగా? ఇదీ వస్తుంది.”

ఆదివారం రాత్రి పట్టీ పడింది. రెండు రోజుల్లో అరవై మంది కట్టేశారు. “చూశావా?” అని వాణ్ణి దెప్పాను కూడా.

బుధవారం పొద్దున పదింటికి, మా ఆఫీసు అని చెప్పుకునే వెనక గదిలో కూర్చుని ఎక్కడ ఖర్చు తగ్గించాలా అని చూస్తున్నాం. తమ్ముడు అన్నాడు, “తిరగ్గొట్టిన ఫోటోలు కూడా సర్వర్‌లో ఒక మూల పడుతున్నాయక్కా. చెరిపేస్తే కాస్త కలిసొస్తుంది.”

“ఎవరివవి?”

“ఎక్కువ కిటికీ అత్తయ్యవే. ముప్పై నాలుగు.”

నాకు నవ్వొచ్చింది. కిటికీ అత్తయ్యంటే డెబ్బై దాటిన టైలరమ్మ. రోజూ పొద్దున ఏడింటికి తన వంటింటి కిటికీని ఫోటో తీసి పెడుతుంది కాబట్టి ఆ పేరు. టాబ్లెట్‌లో ఆవిడకి తెలిసింది ఒక్కటే బొత్తాం. నొక్కితే ఫోటో పడుతుంది, సైటుకి పోతుంది. తమ్ముడే అలా పెట్టిచ్చాడు.

“మొండిఘటం! చందా కట్టదు గానీ ముప్పై నాలుగుసార్లు నొక్కిందా?” అన్నాను.

చెరిపెయ్యమని చెప్పేదాన్నే. కానీ పన్నెండేళ్లు ఫోటో స్టూడియోలో చేసినదాన్ని, చూడకుండా ఒక్క ఫోటో పారెయ్యడం నా చేత కాదు. తెరిచాను.

మొదటిది సోమవారం పొద్దున ఏడూ పదికి. కిటికీ లేదు. బల్ల కాళ్లున్నాయి, అదీ నేల మీంచి తీసినట్టు. రెండోదాంట్లో గచ్చు, ఒక చెప్పు. తర్వాత మళ్లీ ఆ బల్ల కాళ్లే. ఒకదాంట్లో అటుగా మడతపడిపోయిన కాలు. ఒకదాంట్లో అంతా చీకటి. ఆఖరిది మంగళవారం సాయంత్రం నాలుగింటిది. అందులో అత్తయ్య ముఖం ఉంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. సూటిగా నన్నే చూస్తోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. “ఒరేయ్,” అన్నాను, తెర వాడి వైపు తిప్పి. వాడు చూసి, వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

నేను అత్తయ్యకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ జోడీ ఒక బస్సు డ్రైవరు, అతనికి చేశాను.

“రెండు రోజులు ఫోటో రాకపోతే ఏం చేస్తున్నావయ్యా నువ్వు?” అని అరిచాను.

“పేజీ మీద ఎర్ర పట్టీ ఉంది కదక్కా,” అన్నాడతను. “చందా కట్టలేదు, అందుకే రాలేదనుకున్నా. ఫోన్ చేస్తే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని...”

ఇంకేం తిడతాను? తిట్టాల్సింది అతన్ని కాదు.

అత్తయ్య ఇల్లు మూడు వీధుల అవతల, మేడ మీద. పరుగెత్తాం. చచ్చిపోయి ఉంటే ఎలా అని ఒక భయం, బతికుంటే నా ముఖం ఎలా చూపించాలని ఇంకో భయం. తలుపు కొట్టాను. చప్పుడు లేదు. తమ్ముడు భుజంతో నాలుగుసార్లు గుద్దితే గడియ ఊడింది.

వంటింట్లో బల్ల పక్కన పడి ఉంది. పక్కనే టాబ్లెట్, ఛార్జింగ్ అయిపోయి నల్లగా. తమ్ముడు పక్కన కూలబడి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. “ఉందక్కా, ఉంది, ఊపిరుంది!” అని ఏడుపు లంకించుకున్నాడు. నేను కొంగు తడిపి పెదాలకి అద్దాను. కాసేపటికి కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది.

“పంపిస్తూనే ఉన్నానమ్మా,” అంది, మాట పూర్తిగా రావడం లేదు. “ఒక్కటీ పోలేదు. నొక్కినప్పుడల్లా చందా కట్టమంటోంది. పర్సేమో ఆ అలమారాలో ఉండిపోయింది, అందుకోలేకపోయాను.”

“మాట్లాడకండత్తయ్యా. అంబులెన్సు వచ్చేస్తోంది.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“పై అరలో ఉంది, తీసుకో తల్లీ. ఎంతైతే అంత తీసుకో. ఇంకోసారి పడితే మాత్రం నా ఫోటో పోనివ్వు.”

కింద అంబులెన్సు ఆగిన చప్పుడైంది. తమ్ముడు దారి చూపించడానికి పరుగెత్తాడు. ఆవిడ ఇంకా అలమారా వైపే చూపిస్తోంది. నేను అటు తల తిప్పలేకపోయాను.