ఒక్కటే కుర్చీబండి

కల్వర్టు దగ్గర మోటారు సైకిలు ఆపి, చెప్పులు విడిచి హ్యాండిలుకు తగిలించి, ప్యాంటు మోకాళ్ల పైదాకా మడుచుకుని ఎల్లేశ్ బురదలోకి దిగాడు. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం తెల్లవారేసరికి అతను చేసే పని ఇదే. కాటారంలో తన వెల్డింగు షాపు తెరిచేలోపు రెండు కిలోమీటర్లు నడిచి, వాగు దాటి, అక్క కట్టమ్మను రోడ్డు మీదికి తీసుకురావాలి. అక్కడ ఆటో ఎక్కిస్తే ఆమె భూపాలపల్లి దవాఖానకు పోయి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని, రక్తం కడిగించుకుని సాయంత్రానికి తిరిగొస్తుంది. రెండేళ్లుగా ఆమె బతుకు ఆ మిషను దయ మీదే నడుస్తోంది.

ఎల్లేశ్‌కు నలభై ఆరేళ్లు. బక్కపలచని మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడి మానిన తెల్లటి మచ్చలు. ఆ మంట వెలుగు చూసీ చూసీ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. కొత్తవాళ్లు తాగుబోతనుకుంటారు గాని అతను కల్లు కూడా ముట్టడు. పెళ్లాం పుట్టింటికి పోయి పదకొండేళ్లయింది. ఎందుకు పోయిందని ఊరు అడగడం మానేసింది, అతనూ మానేశాడు. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకుమించి పెద్దగా ఏమీ లేదు, ఆ కుర్చీబండి తప్ప.

దాని ఊహ అతనిది కాదు. గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన హరిలాల్‌ది. డిప్లొమా చదివిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఊరికి పనికొచ్చే కొత్త వస్తువేదైనా చేస్తామనే యువతకు ఏడాదిపాటు అండగా నిలిచే ఫెలోషిప్ ఒకటి ఉంది. అందులో ఎంపికై, కాగితం మీద గీసిన బొమ్మతో ఎల్లేశ్ షాపు మెట్లెక్కాడు. ఆటో రాని బాటలో రోగిని కూర్చోబెట్టి ఒక్క మనిషే లాక్కెళ్లగలిగే బండి కావాలన్నాడు. మూడుసార్లు చేసి మూడుసార్లూ కోసేశారు. మొదటిది ఇసుక బస్తాతో సహా వాగులో బోర్లా పడింది. నాలుగోది నిలబడింది. దాని మీద మొదట కూర్చున్నది కట్టమ్మే. హరిలాల్ కాగితాల్లో ఆమె పేరు 'వినియోగదారు - 1'. రెండో నంబరు ఎవరికీ రాలేదు, ఎందుకంటే రెండో బండి లేదు.

"రెండోది ఎప్పుడు చేద్దాం?" అని ఎల్లేశ్ చాలాసార్లు అడిగాడు.

"ముందుగాల దీన్ని ఫెలోషిప్పోళ్లకు సూపియ్యాలె అన్నా. వాళ్లు మెచ్చుకుంటె ఇరవై చేపిస్తరు" అనేవాడు హరిలాల్.

ఆ చూపించే రోజు వచ్చింది. జనగామలో ప్రదర్శన. బుధవారం బండి ట్రాలీ ఎక్కింది. గురువారం రాత్రికి తెచ్చేస్తానన్నాడు హరిలాల్. ఇవ్వడం ఎల్లేశ్‌కు ఇష్టం లేదు. ఇచ్చెయ్యమన్నది కట్టమ్మే. నిన్న సాయంత్రం హరిలాల్ ఫోను చేసి, పెద్దవాళ్లెవరో ఈ రోజు వస్తారట, ప్రదర్శన ఇంకొక్క రోజు పెంచారని గొంతు తగ్గించి చెప్పాడు. అందుకే ఈ శుక్రవారం ఎల్లేశ్ చేతులకు లాగడానికి ఏమీ లేదు.

కట్టమ్మ గడప మీద కూర్చుని ఉంది. ప్రయాణం చీర కట్టుకుని, తల దువ్వుకుని తయారుగా ఉంది. పాదాలు ఉబ్బి వేళ్ల మధ్య సందు లేదు. కళ్ల కింద చర్మం నీళ్లు నిండినట్టు వేలాడుతోంది.

"ఒచ్చిందా?"

"రాలే. రేపు పొద్దుగాల తెస్తడంట."

"మరి గింత బురదల నువ్వెందుకొచ్చినవ్ తమ్మీ."

"మంచం మీద తీస్కపోత. నలుగుర్ని మాట్లాడ్త."

"ఎవల్ని మాట్లాడ్తవ్? అందరు నాట్లకు పోతున్నరు. నా కోసం నలుగురి కైకిలి పైసలు పోవాల్నా? పోయిన వానకాలం మోసిన్రు, సాలు. మొకం ఎత్తి సూడలేకపోయిన."

"నేనెత్తుకపోతనే."

కట్టమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో ఆగి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లీ మాట్లాడింది. "వాగుల ఇద్దరం పోతం. రేపు పోదాం తీ. ఒక్క దినమే గద."

ఎల్లేశ్ దవాఖానకు ఫోను చేశాడు. రేపు మధ్యాహ్నం చోటు చూస్తాం గాని, ఆయాసం వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగవద్దని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఆయాసం ఉన్నదా?" అని అడిగాడు. "లేదు" అంది కట్టమ్మ. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమె ఊపిరి కూడదీసుకోవడం అతను చూశాడు. చూసి కూడా నమ్మాడు. షాపులో ఒక గేటు సగంలో ఉంది, సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాడు. ఆమె వద్దనగానే లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడ్డాడు. అయినా వెళ్లిపోయాడు.

అక్క మాట కాదనడం అతనికి ఎప్పుడూ రాలేదు. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు, ఆమెకు పన్నెండు. చంకనెత్తుకుని పెంచింది. పెళ్లయి పోతూ అతన్నీ వెంట తీసుకుపోయింది. అత్తగారింట్లో తన కంచంలోది అతనికి పెట్టి, తాను గంజి తాగేది. పిల్లలు పుట్టలేదు. మొగుడు సోమనర్సయ్య మంచివాడు, బామ్మర్దిని భూపాలపల్లిలో వెల్డింగు పనికి పెట్టింది ఆయనే. ఆరేళ్ల కింద పిడుగుపడి పోయాడు. కాటారం వచ్చి నా దగ్గర ఉండమని ఎల్లేశ్ ఎన్నిసార్లు బతిమాలినా ఆమె సోమనర్సయ్య వేసిన ఇల్లు విడవనంది.

మధ్యాహ్నం గేటుకు బద్దలు అతుకుతుంటే హరిలాల్ వీడియో కాల్ చేశాడు. పెద్ద ఫంక్షన్ హాలు, మైకు చప్పుడు. మెడలో పేరు రాసిన కార్డు వేసుకుని హరిలాల్ మెరిసిపోతున్నాడు. వెనక గోడంత ఎత్తు బ్యానరు మీద కట్టమ్మ, బండి మీద కూర్చుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"అవ్వను సూడన్నా, ఎంత పెద్దగ ఏసిన్రో."

బ్యానరు ముందు నున్నటి టైల్సు మీద కుర్చీబండి తిరుగుతోంది. ఎవరో అతిథుల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి కూర్చుంటే, టీషర్టులు వేసుకున్న వాలంటీర్లు లాగుతున్నారు. కడిగి రంగు వేసిన చక్రాలు చప్పుడే చేయడం లేదు. ఎల్లేశ్‌కు ఒళ్లు మండింది.

"అవ్వ ఎట్లున్నదన్నా? ఇయ్యాల శుక్రారం గదా, ఎట్ల పోయింది?"

"పోలే. రేపు పోతది."

హరిలాల్ ముఖంలో మెరుపు పోయింది. "అన్నా, పరేషాన్ ఏం లేదు గద?"

"మంచిగనే ఉంది. నువ్వు నీ పని సూస్కో" అన్నాడు ఎల్లేశ్. కుర్రాడి ఏడాది కష్టం ఆ ఒక్క పూట మీద ఉందని అతనికి తెలుసు. అందుకే అలా అన్నాడు.

ఆ తర్వాత చేయి కుదరలేదు. వెల్డింగు రాడ్డు రెండుసార్లు ఇనుముకు అంటుకుపోయింది. గేటు అలాగే వదిలేసి నాలుగింటికి షట్టరు దించాడు.

వెళ్లేసరికి కట్టమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాడు. లేపడం ఎందుకని కాళ్లు కడుక్కుని, పొయ్యి ముట్టించి, ఆమెకు ఇష్టమని అల్లం దంచి వేసి చాయ్ పెట్టాడు. ఎక్కువ నీళ్లు తాగకూడదు కాబట్టి సగం గ్లాసే పోశాడు. తెచ్చి మంచం పక్కన కూర్చుని ఎడమ చేయి పట్టుకున్నాడు. డయాలసిస్ కోసం ఆ ముంజేతిలో రెండు నరాలు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల ఏదో చిన్న మోటారు తిరుగుతున్నట్టు రాత్రీ పగలూ వణుకుతూ ఉంటుంది. ఇప్పుడు వణకడం లేదు. చేయి ఇంకా వెచ్చగానే ఉంది. ఎల్లేశ్ వేలు కొంచెం పైకి జరిపాడు, కిందికి జరిపాడు. చాయ్ మీద మీగడ కట్టేదాకా అలాగే వెతుకుతూ కూర్చున్నాడు.

పొద్దు వాలేవేళకు నాట్లనుంచి ఊరు తిరిగొచ్చింది. పొద్దున అడగని నలుగురు, పిలవకుండానే, మోకాళ్లదాకా బురదతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"ఒక్క మాట అంటే రాకపోదుమా ఎల్లన్నా" అన్నాడొకడు.

"వద్దన్నదే" అన్నాడు ఎల్లేశ్. ఆ జవాబు అతనికే చాలలేదు.

మర్నాడు పొద్దున్నే హరిలాల్ వచ్చాడు. ట్రాలీ కల్వర్టు దగ్గర ఆపించి, రెండు కిలోమీటర్లూ తానే బండిని లాక్కుంటూ వచ్చాడు. కొత్త రంగు మీద బురద చిమ్మింది. మెడలో కార్డు ఇంకా ఉంది. వాకిట్లో జనాన్నీ, పాడెకు కోస్తున్న వెదుళ్లనూ చూసి అక్కడే ఆగిపోయాడు. చేతులు బండి లాగే కడ్డీని విడవలేదు.

ఎల్లేశ్ లేచి అతని దగ్గరికి వచ్చాడు. "జనగామల ఏమన్నరు?" అని అడిగాడు.

హరిలాల్ తల ఎత్తలేదు. "ఇరవై... ఇరవై చేయమన్నరన్నా."

"చేద్దాం" అన్నాడు ఎల్లేశ్. ఆ మాటతో, నిన్నటినుంచి రాని ఏడుపు వచ్చింది. హరిలాల్ భుజం పట్టుకుని, ఆ కుర్రాడితో పాటే ఏడ్చాడు.

కట్టమ్మను నలుగురు భుజాలకెత్తుకుని వాగువైపు నడిచారు. ఊరంతా వెనక నడిచింది. కుర్చీబండి ఒక్కటే వాకిట్లో ఉండిపోయింది. అవ్వ కోసమని హరిలాల్ జనగామలో కొన్న నీలం రెగ్జిన్ మెత్త దాని సీటుకు కట్టి ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.